పెంటకుప్పలో దొరికిన మాటలు



మొన్న బుధవారం ఇంటి కూడికలో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. వాక్యం అయిపోయింది. ముగింపు ప్రార్థనకు ఎవరిని అడుగుదామా అని చూస్తే గోడవార చాప మీద ఒక మామ్మ కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళు దాటాయి. ఈ ఏడు కూడా మిరపకాయ కోతకు వెళ్ళింది. "మామ్మా, ఈవేళ నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నాను. ఆమె చెయ్యి అడ్డం ఊపింది. "నాకెక్కడొచ్చు అయ్యగారూ. నాకొచ్చేవన్నీ పొలం మాటలు. బైబులు మాటలు నాకు రావు. మీరే చెయ్యండి" అంది.

అప్పుడు నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం, నేను ఈ సంఘానికి వచ్చిన కొత్తలో, ఇదే మామ్మ ఒకసారి గట్టిగా ప్రార్థన చేసింది. దేవుణ్ణి "నాయనా, నువ్వు" అంటూ, బోరు ఎండిపోయిన సంగతీ, కొడుకు తాగుడు సంగతీ, షావుకారు వడ్డీ సంగతీ అన్నీ కలిపి చెప్పేసింది. కూడిక అయ్యాక నేను ఆమెను పక్కకు పిలిచి, దేవుని సన్నిధిలో మాట్లాడేటప్పుడు మాట కాస్త మర్యాదగా, వాక్యానుసారంగా ఉండాలని చెప్పాను. నేను ఆ సంగతి మరిచిపోయాను. ఆమె మరువలేదు. ఆ తరువాత ఆమె కూడికలో నోరు విప్పి ప్రార్థన చేయగా నేను వినలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చున్నప్పుడు, బైబిలు కాలేజీలో చదువుకునే రోజుల్లో నాకు పరిచయమైన ఒక గ్రీకు పండితుడు జ్ఞాపకం వచ్చారు. ఆయన పేరు జేమ్స్ హోప్ మౌల్టన్. ఆయన కథ మీకు చెప్పాలి. అది ఒక పండితుడి కథే గాని, మన మామ్మ కథ కూడా అని చివరికి మీకే తెలుస్తుంది.

1863వ సంవత్సరం

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడిందని మనందరికీ తెలుసు. కాని అది ఎలాంటి గ్రీకు? ఈ ప్రశ్న యూరపు పండితులను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. వాళ్ళు చిన్నప్పటినుండి ప్లేటో, డెమోస్తనీసు, సోఫోక్లీసు వంటి గొప్ప రచయితలను చదివి గ్రీకు నేర్చుకున్నవాళ్ళు. ఆ కళ్ళతో మార్కు సువార్త తెరిస్తే భాష మోటుగా కనబడేది. వాక్యాలు మరియు, మరియు అంటూ సాగేవి. పాత రచయితల్లో ఎక్కడా కనబడని మాటలు వందలకొద్దీ ఉండేవి. ప్లేటోకూ పౌలుకూ నడుమ నాలుగు వందల ఏళ్ళ దూరం ఉందని తెలిసినా, ఆ మాటలకు వేరే సాక్ష్యం ఎక్కడా దొరకలేదు.

1863లో రిచర్డ్ రోతే అనే జర్మనీ వేదాంత పండితుడు దీనికి ఒక సమాధానం చెప్పాడు. ఇది మామూలు మనుషుల గ్రీకు కాదు, పరిశుద్ధాత్మ తన కోసం ప్రత్యేకంగా తయారుచేసుకున్న భాష అన్నాడు. వినడానికి ఎంతో భక్తిగా ఉంది కదా! చాలామందికి ఆ మాట నచ్చింది.

అదే 1863లో కేంబ్రిడ్జిలో లైట్‌ఫుట్ అనే గురువు, తరువాతి కాలంలో డరమ్ బిషప్పు అయిన ఆయన, తరగతిలో విద్యార్థులతో ఇంకో రకంగా అన్నాడు. సాహిత్యం రాస్తున్నామనే ఆలోచన లేకుండా మామూలు జనం ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు మనకు దొరికితే చాలు, క్రొత్త నిబంధన భాషను అర్థం చేసుకోవడానికి అంతకు మించిన సహాయం ఉండదన్నాడు. అయితే అప్పటికి అలాంటి ఉత్తరాలు చెప్పుకోదగినన్ని లేవు. అది ఆశ మాత్రమే. ఆ తరగతిలోని ఒక విద్యార్థి ఆ మాటలు నోటుబుక్కులో రాసుకోబట్టి మనకు మిగిలాయి.

ఆ సంవత్సరమే, అక్టోబరు నెలలో, ఇంగ్లండులో ఒక మెథడిస్టు సేవకుని ఇంట మౌల్టన్ పుట్టారు.

తండ్రి మిగిల్చిన పని

ఆయన తండ్రి విలియం ఫిడియన్ మౌల్టన్ కూడా గ్రీకు పండితుడే. ఇంగ్లీషు బైబిలును సవరించిన సంఘంలో ఆయన సభ్యుడు. వీనర్ అనే జర్మను పండితుడు రాసిన క్రొత్త నిబంధన వ్యాకరణాన్ని 1870లో ఇంగ్లీషులోకి తెచ్చింది ఆయనే. 1875లో కేంబ్రిడ్జిలో లేస్ స్కూలు అనే మెథడిస్టు బడి ప్రారంభమైనప్పుడు మొదటి ప్రధానోపాధ్యాయుడూ ఆయనే.

కొడుకు ఆ బడిలో చదివి, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో గ్రీకు లాటిన్ సాహిత్యాలు చదివారు. కోవెల్ అనే సంస్కృత ఆచార్యుని దగ్గర సంస్కృతమూ ప్రాచీన పారసీక భాషా నేర్చుకున్నారు. ఇంత చదువు చదివి 1886లో తిరిగి తండ్రి బడికే వచ్చి 16 సంవత్సరాలు పిల్లలకు పాఠాలు చెప్పారు. 1898లో తండ్రి చనిపోయారు. ఆ వీనర్ వ్యాకరణాన్ని కొత్త కాలానికి తగ్గట్టు సరిచేసే పని కొడుకు మీద పడింది. సరిచేద్దామని కూర్చున్నవాడు, కొద్దికాలానికే ఇది సరిచేస్తే సరిపోయే పుస్తకం కాదు, మళ్ళీ మొదటినుండి రాయవలసిందే అని గ్రహించారు. దానికి కారణం ఈజిప్టు దేశంలోని చెత్త.

కప్పు లేని గ్రంథాలయం

కైరోకు దక్షిణాన సుమారు 160 కిలోమీటర్ల దూరంలో బెహ్నెసా అనే పల్లె ఉంది. పూర్వం అక్కడ ఆక్సిరింకస్ అనే పట్నం ఉండేది. ఆ ఊరివాళ్ళు వందల సంవత్సరాలపాటు పనికిరాని కాగితాలను, అంటే పపైరస్ రెల్లుతో చేసిన కాగితాలను, ఊరి బయట దిబ్బల మీద పారబోసేవారు. మన దేశంలో అయితే ఒక్క వానాకాలానికే అవన్నీ మట్టిలో కలిసిపోయేవి. అక్కడ వాన పడదు. ఇసుక కప్పేసింది. పద్దెనిమిది వందల ఏళ్ళు అలాగే ఉండిపోయాయి.

1896-97 చలికాలంలో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డు యువకులు అక్కడ తవ్వకం మొదలుపెట్టారు. మొదట్లోనే మత్తయి సువార్త మొదటి అధ్యాయం ఉన్న ఆకు ఒకటి దొరికింది. తరువాత బుట్టలకొద్దీ కాగితాలు వచ్చాయి. ఇంకో చోట, టెబ్టూనిస్‌లో, 1900 జనవరిలో మరో విచిత్రం. మనుషుల సమాధుల కోసం తవ్వుతుంటే ఎండబెట్టి చుట్టిన మొసళ్ళు బయటపడ్డాయి. మొసలిని దేవతగా కొలిచే ఊరది. విసుగెత్తిన ఒక కూలీ ఒక మొసలిని పగలగొట్టాడు. చూస్తే దాని చుట్టూ చుట్టినదంతా రాసిన కాగితమే!

వీటిలో సాహిత్యం కొద్దిగానే ఉంది. ఎక్కువ భాగం పన్ను రసీదులు, అప్పు పత్రాలు, కౌలు ఒప్పందాలు, పొలం తగాదాల అర్జీలు, బజారు సామాను జాబితాలు, ఇంటి ఉత్తరాలు. పెద్ద సాహిత్యం చదువుకున్నవాళ్ళు చాలామంది వీటిని చూసి పెదవి విరిచారు. అయితే 1895లోనే జర్మనీలో అడాల్ఫ్ డైస్‌మాన్ అనే యువ పండితుడు, ఈ కాగితాల భాషా పౌలు భాషా ఒకటేనని ఒక పుస్తకంలో చూపించాడు. మౌల్టన్ దాన్ని పట్టుకున్నారు. ఇక ఆయన ఆనందానికి హద్దు లేదు. సోఫోక్లీసును చదివినంత ఇష్టంగా ఆయన గాడిదల అమ్మకం రసీదులు చదివారు. ఒక్కొక్క సంపుటం అచ్చయి రాగానే, అందులోని ప్రతి చిల్లర కాగితాన్నీ వెదికి, ఏ మాట ఏ వచనానికి వెలుగునిస్తుందో రాసుకునేవారు. 1902లో మాంచెస్టరు వెళ్ళి, అక్కడి డిడ్స్‌బరీ కాలేజీలో సేవకులను తయారుచేస్తూ, 1906లో తన వ్యాకరణం మొదటి సంపుటాన్ని వెలువరించారు.

ఈ పనిలో ఆయనకు తోడు దొరికినవారు జార్జ్ మిల్లిగన్. ఈయన 1894 నుండి 1910 వరకు స్కాట్లాండులో కపుత్ అనే పల్లె సంఘానికి కాపరి. నాకు ఈ సంగతి ఎంతో ధైర్యమిస్తుంది. పల్లె కాపరీ నగరపు ఆచార్యుడూ కలిసి, 1908 నుండి ఒక పత్రికలో క్రొత్త నిబంధన మాటలకు చెత్తకుప్పలు చెప్పే అర్థాలను రాస్తూ వచ్చారు. అదే తరువాత పెద్ద నిఘంటువు అయింది.

రసీదు, బయానా, పట్టా

ఆ నిఘంటువులోని కొన్ని మాటలు చూద్దాం. ఇవన్నీ మీకు తెలిసినవే.

మత్తయి 6వ అధ్యాయంలో, మనుషుల మెప్పు కోసం ధర్మం చేసేవారు తమ ఫలము పొందేశారని ప్రభువు అంటారు. అక్కడి గ్రీకు మాట అపెఖో. ఈ మాట ఈజిప్టు రసీదుల నిండా ఉంది. డబ్బు పూర్తిగా ముట్టింది, ఇక బాకీ లేదు అని రాసి ఇచ్చే మాట అది. ఇప్పుడు ఆ వచనం మళ్ళీ చదవండి. నలుగురి చప్పట్లు కోరుకున్నావు, చప్పట్లు ముట్టాయి, రసీదు కూడా రాసేసుకున్నావు, దేవుని దగ్గర నీకు రావలసిన బాకీ ఏమీ లేదు. ప్రభువు మాట ఎంత పదునుగా తగులుతుందో చూడండి.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో పరిశుద్ధాత్మను మన తెలుగు బైబిలు సంచకరువు అంటుంది. ఈ మాట అర్థం కాక మీలో ఎంతమంది దాటేసి ఉంటారో! గ్రీకులో అర్రబోన్. ఆ కాగితాల్లో ఒక స్త్రీ ఆవును అమ్ముతూ వెయ్యి ద్రాఖ్మాలు అర్రబోన్‌గా తీసుకుంది. ఎలుకలు పట్టే ఒక మనిషికి ఎనిమిది ద్రాఖ్మాలు అర్రబోన్ ఇచ్చారు. ఊరి తిరునాళ్ళకు ఆటకత్తెలను మాట్లాడుకుని అర్రబోన్ ఇచ్చారు. అంటే బయానా! మనం గేదెను బేరమాడి, చేతిలో పెట్టి వచ్చే బయానా. బయానా ఇచ్చినవాడు మిగతా డబ్బు పట్టుకుని తిరిగి వస్తాడు. అందుకే అది ధైర్యం. నేటి గ్రీకు దేశంలో పెళ్ళి నిశ్చయానికి కూడా ఇదే మాట వాడతారు.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో పౌలు చందా గురించి మాట్లాడతాడు. ఆ మాట పౌలే పుట్టించాడని కొందరు అనుకునేవారు. తీరా చూస్తే ఈజిప్టు కాగితాల్లోనూ కుండపెంకుల మీదా అది మామూలు వసూలు మాట. మన తెలుగు అనువాదకులు అక్కడ బజారు మాట చందానే వాడారు. వాళ్ళకు నా వందనం.

ప్రభువు రాకడకు వాడిన పరూసియా అనే మాట కూడా అంతే. రాజో పెద్ద అధికారో ఊరికి వస్తున్నాడంటే దానికి పరూసియా అనేవారు. రాజు రాకకోసమని ఊళ్ళనుండి గోధుమలు వసూలు చేసిన కాగితాలు, కిరీటానికి డబ్బు పోగుచేసిన కాగితాలు ఉన్నాయి. మంత్రిగారు వస్తున్నారంటే మన ఊళ్ళో రోడ్డు ఎలా బాగుపడుతుందో, ఎవరెవరి జేబులు ఎలా ఖాళీ అవుతాయో మీకు తెలుసు. ఆ మాటకు అలా భయపడే జనానికి అపొస్తలులు అదే మాటతో ఇంకో రాజు రాకడ ప్రకటించారు. ఈయన కిరీటం వసూలు చేయడానికి రావడం లేదు. తన బిడ్డలకు కిరీటం పెట్టడానికి వస్తున్నాడు.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం మొదటి వచనంలో మన బైబిలు నిజస్వరూపము అన్నచోట గ్రీకులో హుపోస్తాసిస్ అని ఉంది. తత్వవేత్తలకు అది చాలా లోతైన మాట. కాని ఈ కాగితాల్లో అది ఆస్తికి సంబంధించి, ఆ హక్కును చూపే దస్తావేజులకు సంబంధించి కనబడింది. అందుకని మౌల్టన్, మిల్లిగన్ ఇక్కడ విశ్వాసాన్ని దస్తావేజుతో పోల్చారు. అందరు పండితులూ దీన్ని ఒప్పుకోలేదు, ఆ మాటకు వేరే అర్థాలూ ఉన్నాయి. అయినా మన ఊరివాళ్ళకు ఆ పోలిక ఇట్టే అందుతుంది. పొలం పదిమైళ్ళ దూరంలో ఉండవచ్చు, ఇంకా చూడకపోయి ఉండవచ్చు. పట్టా చేతిలో ఉంటే అది నాదే అని నిద్రపోతాం.

పాత నిఘంటువులు వందల మాటలను బైబిలులో తప్ప ఎక్కడా లేనివిగా లెక్కవేశాయి. క్రొత్త నిబంధనలోని సుమారు 5000 మాటల్లో అలాంటివి 50 కూడా ఉండకపోవచ్చని డైస్‌మాన్ తేల్చాడు. ఇంతకాలం పరలోకపు భాష అనుకున్నది బజారు భాషే.

ఆ ఊళ్ళ మనుషులు

మాటలతోపాటు మనుషులూ దొరికారు. థియోన్ అనే పిల్లవాడు తండ్రికి రాసిన ఉత్తరం ఉంది. తండ్రి తనను వదిలి అలెగ్జాండ్రియా పట్నం వెళ్ళాడని అలక. తీసుకెళ్ళకపోతే ఉత్తరం రాయను, మాట్లాడను, అన్నం తినను, నీళ్ళు తాగను అని బెదిరింపు. తప్పుల తడక రాత. మన ఇళ్ళలో లేడా ఈ పిల్లవాడు?

అంటోనిస్ లాంగస్ అనే యువకుడు తల్లికి రాసిన ఉత్తరం ఇప్పుడు బెర్లినులో ఉంది. అప్పులపాలై, ఒంటిమీద సరైన బట్ట లేక, సిగ్గుతో ఊరికి రాలేకపోయాడు. తాను పాపం చేశానని ఒప్పుకుని, క్షమించమని అమ్మను బతిమాలాడు. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారునికి ఇతడు తమ్ముడిలా ఉన్నాడు. ఆ తల్లి ఏం చేసిందో ఆ కాగితం చెప్పదు.

ఇక మూడో ఉత్తరం చదివినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. హిలరియోన్ అనే కూలివాడు అలెగ్జాండ్రియాలో పనిచేస్తూ ఇంటి దగ్గర నిండు గర్భిణిగా ఉన్న భార్య ఆలిస్‌కు రాశాడు. క్రీస్తుపూర్వం 1వ సంవత్సరం, అంటే మన ప్రభువు పుట్టిన కాలానికి అటూ ఇటూ. ఎంత ప్రేమగా రాశాడో! దిగులు పడవద్దన్నాడు, పసివాణ్ణి చూసుకోమన్నాడు, కూలి డబ్బు అందగానే పంపుతానన్నాడు, తనను మరిచిపోవద్దని ఆమె కబురంపితే నిన్నెలా మరుస్తానని అడిగాడు. ఆ ప్రేమ మాటల నడుమనే, మగపిల్లవాడు పుడితే ఉంచు, ఆడపిల్ల అయితే బయట పారెయ్ అని రాశాడు. రాస్తూ అతని చెయ్యి వణికిన గుర్తు లేదు. అది వాళ్ళకు మామూలు సంగతి.

హిలరియోన్ రాక్షసుడు కాడు. వలస వెళ్ళిన మన ఊరి మనిషిలాంటివాడే. అంత మంచివాడి నోట అంత ఘోరం అంత మామూలుగా వచ్చింది. పసిబిడ్డలను పారవేయడం ఆదిసంఘం మొదటినుండీ తప్పు అంది. స్కానింగు సెంటరు గోడమీద, పుట్టబోయేది ఆడో మగో చెప్పబడదు అని బోర్డు ఇప్పటికీ ఎందుకు వేలాడుతోందో మనం ఆలోచించాలి. హిలరియోన్ మాట్లాడిన అదే వీధి గ్రీకులోనే పౌలు గలతీయులకు, క్రీస్తులో పురుషుడనీ స్త్రీ అనీ భేదం లేదని రాశాడు. ఒకే భాష. ఆ భాషలో బిడ్డను పారవేయమనీ రాయవచ్చు, బిడ్డ విలువ చెప్పనూ వచ్చు. భాషను పవిత్రం చేసేది దాని గొప్పతనం కాదు, దానితో మనం ఏం చెబుతున్నామన్నదే.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. క్రొత్త నిబంధన అంతా ఒకే రకమైన వీధి భాష కాదు. లూకాకు చక్కని రచన తెలుసు. హెబ్రీయుల పత్రిక భాష మరీ చక్కనిది. ప్రభువు మాటల వెనుక అరామిక్ భాష వాసన ఉంది, పాత నిబంధన వాసనా ఉంది. మౌల్టన్ తరువాతి పండితులు ఈ విషయంలో ఆయన్ను కొంత సరిదిద్దారు. అది న్యాయమే. అయినా ఆయన చెప్పిన మూలమాట నిలిచింది. ఆత్మ దేవుడు మాట్లాడాలనుకున్నప్పుడు జనం భాషను వదిలి వేరే భాష వెదకలేదు.

ఈస్టరు ముందటి రోజు

ఈ మౌల్టన్ మన దేశానికి కూడా వచ్చారు. ప్రాచీన పారసీక మతం మీద ఆయన గొప్ప పండితుడు. 1915లో ఆయన భార్య చనిపోయారు. అదే ఏడాది వైఎంసీఏ పిలుపు మీద, గుండెలో ఆ గాయంతోనే ఓడ ఎక్కి బొంబాయి చేరారు. అక్కడి పారసీలకు జరతుష్ట్ర బోధల మీద, వారి మతాన్ని గౌరవిస్తూనే, ఉపన్యాసాలిచ్చారు. ఆ ఉపన్యాసాలు బొంబాయిలోనే అచ్చయ్యాయి. ఆ యుద్ధకాలంలోనే ఆయన కుమారుడొకడు యుద్ధంలో ప్రాణం కోల్పోయాడు.

1917లో ఆయన ఇంటికి బయలుదేరారు. పోర్ట్ సయీదు దగ్గర ఆయన స్నేహితుడు రెండెల్ హారిస్, 65 ఏళ్ళ పండితుడు, కలిశారు. మౌల్టన్‌ను కలుసుకోవాలనే ఆయన అంతకుముందు ఇండియాకు ప్రయాణమై, ఎక్కిన ఓడ మునిగితే బతికి బయటపడి ఈజిప్టులో ఆగిపోయారు. ఇద్దరూ కలిసి సిటీ ఆఫ్ పారిస్ అనే ఓడ ఎక్కారు. ఏప్రిల్ 4న మధ్యధరా సముద్రంలో జర్మను జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. పైకప్పు లేని చిన్న పడవలో, చలిలో, అలల్లో మూడు రోజులకు పైగా గడిపారు. మౌల్టన్ ఓపిక ఉన్నంతవరకు తెడ్డు వేశారు. పడవలోకి వచ్చే నీళ్ళు తోడిపోశారు. కళ్ళముందు చనిపోతున్నవారి కోసం ప్రార్థన చేశారు. చివరికి ఆయన శరీరం ఓడిపోయింది. ఏప్రిల్ 7న చనిపోయారు. 53 ఏళ్ళు. ఆయన్ను సముద్రానికే అప్పగించారు. మరునాడు ఈస్టరు. పెద్దవాడైన హారిస్ బతికి కోర్సికా దీవి చేరారు. ఆ చివరి గంటల సంగతి ఆయన రాస్తేనే మనకు తెలిసింది.

బల్లమీద పనులన్నీ సగంలో ఉన్నాయి. నిఘంటువును మిల్లిగన్ ఒక్కడే కొనసాగించి 1929లో పూర్తిచేశారు. వ్యాకరణం రెండో సంపుటాన్ని శిష్యుడు హోవర్డ్ ముగించారు. మూడోది 1963లో, నాలుగోది 1976లో నైజెల్ టర్నర్ రాశారు. తండ్రి మొదలుపెట్టింది కొడుకు, కొడుకు వదిలింది స్నేహితుడు, శిష్యుడు, ఎప్పుడూ ఆయన్ను చూడని మనిషి. దేవుని పని ఇలాగే నడుస్తుంది. మన సంఘంలోనూ అంతే. పునాది తవ్వినవాళ్ళు ఒకరు, మనం కూర్చుంటున్న పైకప్పు వేసినవాళ్ళు వేరొకరు.

మళ్ళీ మామ్మ దగ్గరకు

హన్నా పాడిన పాటలో, దేవుడు లేమిగలవారిని పెంటకుప్ప మీదనుండి లేవనెత్తి పెద్దలతో కూర్చుండబెడతాడనే మాట ఉంది. దేవుడు మనుషులనే కాదు, మాటలను కూడా అలా లేవనెత్తాడు. రసీదు మాట, బయానా మాట, చందా మాట, ఊరి చివర దిబ్బమీద పారేసిన మాటలు. వాటినే తీసుకుని తన రాజ్యం సంగతి చెప్పాడు.

అయితే నేను ఏం చేశాను? దేవుడు ఎత్తుకున్న మాటలను నేను మర్యాద పేరు చెప్పి మళ్ళీ దిబ్బమీద పోశాను. ఒక తల్లి నోరు ఇన్నేళ్ళు మూయించాను. పండిత భాష తప్పని నేను అనడం లేదు. మన పాత తెలుగు బైబిలు భాష నాకు ప్రాణం. దాన్ని చదవాలి, కంఠస్థం చేయాలి. కాని ఆ భాష రాదని ఎవరూ దేవుని దగ్గర మౌనంగా ఉండకూడదు.

శుక్రవారం సాయంత్రం మామ్మ ఇంటికి వెళ్ళాను. అరుగుమీద కూర్చుని, నేను చేసింది తప్పు మామ్మా, నన్ను క్షమించు అన్నాను. ఏ సంగతో తనకు తెలియనట్టు, "ఏం తప్పయ్యగారూ, మీరు చదువుకున్నోళ్ళు" అంది. నేను సంచకరువు సంగతి చెప్పాను. అదంటే బయానా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అంటే దేవుడు మనకి బయానా ఇచ్చాడా? ఎనక్కి తిరగడన్నమాట" అంది. అవును మామ్మా, వెనక్కి తిరగడు అన్నాను.

ఆమె ప్రార్థన చేయలేదు. నేనూ బలవంతం చేయలేదు. ఇన్నేళ్ళ మౌనం ఒక్క సాయంత్రంలో పోదు. కాని నేను లేచి వస్తుంటే, "వచ్చే బుధవారం కూడిక ఎవరింటో అయ్యగారూ?" అని అడిగింది.

ప్రియులారా, ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను, ప్రార్థన రాదు అనేవాళ్ళను ఒక్కసారి అడగండి. వాళ్ళకు వచ్చిన మాటల్లోనే చేయమనండి. దిద్దకండి. మీరు దూరంగా ఉంటే ఫోను చేసి, అమ్మా నాకోసం ప్రార్థన చెయ్యి అని అడగండి. ఆమె పొలం మాటల్లో చెబుతుంది. మన దేవునికి ఆ మాటలు కొత్త కాదు. ప్రభువు మీకు తోడైయుండునుగాక. ఆమేన్.